హైడ్రోమీటరు చెప్పనిది

గత మార్చి నెలలో తొమ్మిదవ తరగతి విద్యార్థుల యెదుట ఒక చిన్న ప్రయోగము చేసితిమి. చెరకు మడ్డిని పులియబెట్టి బట్టీ పెట్టి తీసిన ఇథైల్ ఆల్కహాలు 50 మిల్లీలీటర్లను 50 మిల్లీలీటర్ల నీటితో కలిపితిమి. కొలపాత్రలో 100 నిండలేదు. 96, 97 గీతల నడుమ నిలిచెను. కారిపోయెనేమో యని బల్ల తడిమి చూచిన బాలుడొకడు కలడు! కారలేదు, రెండింటి అణువులు దగ్గరగా ఇమిడినవి.

పిమ్మట హైడ్రోమీటరు వేసితిమి. నీటి సాంద్రత 1, ఆల్కహాలు సాంద్రత 0.79, కావున ఆల్కహాలు హెచ్చినకొలది గొట్టము లోతుగా మునుగును. 20 డిగ్రీల వేడికి గీతలు గీసిన ఆ గొట్టము మా కడప యెండలో ఉన్నదానికంటె హెచ్చు బలము చూపును. ఆ సవరణయు నేర్పి, "ఇక దీని శుద్ధిని గూర్చి సందేహము లేదు" అంటిమి.

వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, "అయ్యగారూ, 2020 జూలైలో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు త్రాగి పదిమందికి పైగా చనిపోయిరి గదా. ఆ సీసాలో విషమున్న యెడల ఈ గొట్టము చెప్పియుండెడిదా?" యని యడిగెను.

మాకు వెంటనే నోట మాట రాలేదు. ప్రాణము తీయు మిథైల్ ఆల్కహాలు సాంద్రతయు 0.79యే. రంగు లేదు. గొట్టము రెంటిలోను ఒకే రీతి మునుగును. దానిని పట్టుటకు రసాయనశాలలో వేరు పరీక్ష కావలెను. బలము వేరు, శుద్ధి వేరు. పదునెనిమిదేండ్లుగా మేము రెంటిని ఒకే మాటగా బోధించుచుంటిమి!

మరునాడు పుస్తకములన్నియు తెప్పించి, "శుద్ధి" యని వ్రాయించినచోట "బలము" అని దిద్దించితిమి. మునుపు చదివి వెళ్లిన వారి పుస్తకములు మాత్రము మాకు దొరకలేదు.