పలకరాతి తీగలు

కల్లంలో ఆరబోసిన మిరప ఎరుపు చూసినప్పుడల్లా నాకు స్పెయిన్‌లోని ప్రియొరాత్ కొండల ద్రాక్షతోటలు గుర్తొస్తాయి. దాచేపల్లిలో మా చేల కింద నాపరాయి. అక్కడ నల్ల పలకరాయి, మన మార్కాపురం పలకలకు చుట్టం.

19వ శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా అనే పురుగు ఆ తోటల వేళ్లు తినేసింది. దానికి మందు పెద్దగా పనిచేయలేదు. అమెరికా వేరుమొక్కల మీద అంటుకట్టాకే యూరప్ ద్రాక్ష నిలిచింది. ప్రియొరాత్‌లో మాత్రం చాలామంది ఊళ్లు వదిలేశారు. 1980ల చివర్లో రెనె బార్బియె అనే వైన్ తయారీదారు, అతని మిత్రులు ఆ ఏటవాలు చేలల్లో మిగిలిన ముసలి గర్నాచా, కారిన్యేనా తీగల్ని నమ్ముకున్నారు. వాళ్ల తొలి వైన్ 1989 పంటది. ట్రాక్టరెక్కని వాలు; కంచరగాడిద, మనిషి చెయ్యి. ముసలి తీగకు కాపు తక్కువ, రసం చిక్కన. ఎరుపంతా తొక్కదే, తొక్కతోనే పులియబెడతారు. ఇప్పుడక్కడ రసాయనాలు మానినవాళ్లూ ఉన్నారు.

2021లో మా మిరప మీదా ఒక పురుగు పడింది, నల్ల తామరపురుగు. మందు మీద మందు కొట్టాను, పూత దక్కలేదు. ఆ ఏడుపు ఇంకా మర్చిపోలేదు.

ఈసారి అరెకరంలో మందు మానేశాను. గట్ల చుట్టూ జొన్న, మధ్యలో బంతి. నిన్న మొదటి కోత కోశాం. కాయ సన్నం, తొక్క మందం. రాత్రి మంచు పడకుండా పట్టా కప్పి వచ్చాను.