ఉప్పు తిన్న విశ్వాసం

మా కళాశాల వసతిగృహంలో మొన్న ఒక ఆదివారం రాత్రి ఇద్దరు విద్యార్థులు చొక్కాలు పట్టుకొనేదాకా వచ్చారు. ఇద్దరూ లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులే. తగాదా ఫెర్నాండో టోరెస్‌ను గురించి. 2011 జనవరి 31న అతడు లివర్‌పూల్‌ను విడిచి 5 కోట్ల పౌన్లకు లండన్‌లోని చెల్సీ క్లబ్బుకు వెళ్ళిపోవటం ద్రోహమా, కాదా అని. అప్పటికి వీళ్ళు పలక మీద అక్షరాలు దిద్దుకొంటున్నవాళ్ళు! "డబ్బుకు అమ్ముడుపోయాడు" అంటాడొకడు. "రెట్టింపు జీతమిస్తామంటే నువ్వు పోవా?" అంటాడు రెండోవాడు. వార్డెనును గనుక తగవు తీర్చవలసినవాణ్ణి నేను. తీర్చలేకపోయాను. ఎందుకు తీర్చలేకపోయానో ఇక్కడ చెప్పుకోవాలి.

ఆ రోజుల్లో నేను ఎమ్మే మొదటి సంవత్సరంలో వున్నాను. తెల్లవారి లేచేసరికి వార్త వచ్చింది. హాస్టలు గోడకు అంటించుకొన్న టోరెస్ బొమ్మను నా చేతులతోనే చింపాను. అక్కడ లివర్‌పూల్‌లో అతని 9వ నెంబరు చొక్కాలను వీధిలో తగలబెట్టారు. 2007లో మాడ్రిడ్ నుంచి వచ్చి మొదటి ఏడే లీగులో 24 గోళ్ళు చేసినవాడు. మొత్తం మీద 142 ఆటల్లో 81. అలాంటివాడు సీజను నడిమధ్యలో పోయాడు. ఆరు రోజులకే చెల్సీ తరఫున మా మీద ఆడాడు, ఓడాడు. ఆ ఓటమికి నేను పడిన సంతోషం ఇప్పుడు తలచుకొంటే కొంచెం సిగ్గే.

లివర్‌పూల్ అభిమానులకు ఈ కోపం ఊరికే రాలేదు. అది రేవుపట్నం. 1959 నుంచి 1974 వరకు ఆ జట్టును నడిపిన బిల్ షాంక్లీ బొగ్గుగనిలో పనిచేసి వచ్చిన మనిషి, సోషలిస్టు. 1995లో సమ్మెచేస్తున్న తోటివారి పికెట్‌ను దాటి పనికి పోమన్నందుకు ఆ రేవులో సుమారు 500 మంది కార్మికుల్ని తీసివేశారు. 1997లో ఆ జట్టు ఫార్వర్డు రాబీ ఫౌలర్ గోలు చేసి, జెర్సీ పైకెత్తి, ఆ కార్మికులను బలపరుస్తూ లోపల తొడుక్కొన్న బనీనును లోకానికి చూపించాడు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం అతనికి జరిమానా వేసింది. అలాంటి ఊళ్ళో ఆటగాడంటే వట్టి ఆటగాడు కాదు, "మనవాడు".

ఆ ఫౌలర్‌నే 2001లో క్లబ్బువారు లీడ్స్‌కు అమ్మివేశారు. క్లబ్బు ద్రోహం చేసిందన్న మాట అంత గట్టిగా వినబడలేదు. అమ్మటం వ్యాపారం, వెళ్ళటం ద్రోహం కాబోలు! టోరెస్ సంగతీ చూడండి. అతడు వచ్చిన 2007లోనే ఇద్దరు అమెరికన్ ధనికులు అప్పు తెచ్చి ఆ క్లబ్బును కొన్నారు. ఆ అప్పు చివరకు క్లబ్బు నెత్తినే పడింది. అభిమానులు 2008లో యూనియను కట్టి పోరాడారు. 2010 అక్టోబరులో కోర్టు దాకా పోయి, క్లబ్బు 30 కోట్ల పౌన్లకు చేతులు మారింది. ఇక టోరెస్ వెళ్ళిన రోజునే లివర్‌పూల్ వారు మూడున్నర కోట్ల పౌన్లిచ్చి న్యూకాజిల్ నుంచి ఆండీ కారల్‌ను తెచ్చుకొన్నారు. అతడు ఆ పక్క ఊళ్ళోనే పుట్టి ఆ క్లబ్బులోనే పెరిగినవాడు. బొమ్మ చింపిన నేను ఆ సాయంత్రమే కారల్ బొమ్మకోసం వెతికాను. న్యూకాజిల్ వాళ్ళు ఏమైపోయారన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ న్యూకాజిల్‌లోనే అరవై యేళ్ళ కిందట జార్జి ఈస్తమ్ అనే ఆటగాడు వేరే క్లబ్బుకు పోతానంటే పోనివ్వలేదు. ఒప్పందం గడువు తీరినా ఆటగాణ్ణి అట్టిపెట్టుకొనే హక్కు అప్పుడు యజమానిది. వారానికి 20 పౌన్లకు మించి జీతమివ్వరాదన్న నిబంధన కూడా వుండేది. ఆటగాళ్ళు సమ్మెకు సిద్ధపడితే 1961లో పోయింది. ఈస్తమ్ ఆట మాని కొన్ని నెలలు వేరే కొలువు చేసి, తర్వాత కోర్టుకెక్కి 1963లో గెలిచాడు. విశ్వాసమనే మాటకు ఆ రోజుల్లో అర్థం చాలా స్పష్టం: ఉప్పు తిన్నావు, పడివుండు.

నేను తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి గనుక ఈ ఉప్పు మాట నన్ను వదలదు. దొర పెట్టిన ఉప్పుకు కూలివాడు రుణపడటమనేది మన నుడికారంలో ఇంకిపోయింది. కూలివాడి చెమట ఉప్పుకు దొర రుణపడిన సామెత నేనెక్కడా వినలేదు. అయితే వారానికి లక్ష పౌన్లు దాటిన జీతగాణ్ణి కార్మికుడనగలమా? నేననలేను. టోరెస్ ఆకలికి పోలేదు. చొక్కాలు కాల్చినవాళ్ళలో ఒక నెల జీతం టిక్కెట్లకు పెట్టినవాళ్ళు వుండివుంటారు. వాళ్ళు అతనికి ఉప్పు పెట్టలేదు, ఉప్పు లెక్క అడగనూ లేదు. ఒప్పందంలో వాళ్ళకు సంతకం లేదు. మనవాడన్నారు, అంతే. యజమాని అడిగే విశ్వాసమూ వీళ్ళడిగేదీ ఒక్కటి కాదు. మొదటిదాన్ని కొట్టిపారెయ్యటం సులభం. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు.

లేదని నాకు అనుభవం మీద తెలుసు. 2018 జనవరిలో, సంవత్సరం మధ్యలో, నేనొక చిన్న పట్నంలోని ప్రైవేటు కళాశాల వదిలి ఇక్కడికి వచ్చాను. అక్కడ 18 వేలు. అదీ నాలుగు నెలలుగా ఇవ్వలేదు. ఇక్కడ 35 వేలన్నారు. రాజీనామా ఇస్తే యాజమాన్యంవారు "ఇన్నాళ్ళు అన్నం పెట్టాం" అన్నారు. నాలుగు నెలల అన్నం బాకీ వుందని చెప్పి బయటికి వచ్చాను. ఆ మాటకు ఇప్పటికీ నాకు విచారం లేదు. కాని బస్టాండుకు ఒక రెండో సంవత్సరం అమ్మాయి వచ్చింది. చేతిలో ఛందస్సు నోటుపుస్తకం. "సీసపద్యం దాకా చెప్తానన్నారు గదా సార్" అన్నది. ఉత్పలమాల, చంపకమాల అయినాయి. మత్తేభం సగంలో వుంది. ఎవరో ఒకరు వస్తారమ్మా అన్నాను. ఆ ఏడు ఎవరూ రాలేదని తర్వాత తెలిసింది.

2015 మార్చిలో ఒక ధర్మకార్యంకోసం ఆడిన ఆటకు టోరెస్ లివర్‌పూల్ మైదానానికి తిరిగి వచ్చాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ పట్నానికి మళ్ళీ పోలేదు. బస్సు ఆ ఊరిమీదుగా పోతే కిటికీ పక్క కూర్చోను.

మావాళ్ళిద్దరూ నా ముఖం చూస్తూ నిలబడ్డారు. పదకొండయింది, పడుకోండని లైటార్పి వచ్చాను. చీకట్లో మళ్ళీ మొదలెట్టారు.