మా మిరపచేను... మా ఆయన ఫోను!

మీ ఇంట్లో ఆవకాయకి కారం కొలిచేది ఎవరండీ? మీరేగా! ఉప్పు చాలిందో లేదో చెప్పేదీ మీరే. మరి ఆ కారానికి కాయలు కాసే చేలో ఎరువు ఎప్పుడు వెయ్యాలి, మందు ఎంత కొట్టాలి అనే మాట వచ్చేసరికి మనల్ని అడిగే నాథుడే ఉండడు. మధిర దగ్గర రెండెకరాల మిరప వేసే ఇంటి ఇల్లాలిని నేను. నారు పెట్టేది మేము, కలుపు తీసేది మేము, కాయ కోసేది మేము. నిర్ణయం మాత్రం మా ఆయనదీ, మందుల కొట్టు ఆయనదీ!

2021లో నల్ల తామర పురుగు వచ్చింది, గుర్తుందా? పట్నంలో ఉన్నవాళ్ళకి పురుగు గుర్తుండకపోయినా కారం ధర గుర్తుండే ఉంటుంది. నువ్వుగింజలో సగం కూడా ఉండదు. పూలల్లో దూరి రసం పీల్చేస్తుంది. పూత రాలిపోతే ఇంక కాయ ఎక్కడిది? మా ఆయన కంగారుపడి కొట్టుకి వెళ్తే ఒక డబ్బా ఇచ్చారు. తగ్గలేదంటే ఇంకోటి. అదీ తగ్గలేదంటే రెండూ కలిపి కొట్టమన్నారు. ఆ ఏడు మేం కొట్టని మందు లేదు. నా చేతి గాజులు బ్యాంకులోకి వెళ్ళాయి. పంట మాత్రం ఇంటికి రాలేదు.

మరుసటేడు మా మరిది కొడుకు మా ఆయన ఫోన్‌లో ఒక వ్యవసాయ యాప్ పెట్టి ఇచ్చాడు. ఏ రకం వేశారు, నేల ఎలాంటిది, నారు ఎప్పుడు నాటారు అని అడుగుతుందిట. మనం చెప్పినదాన్నీ, వానల లెక్కల్నీ కలిపి చూసి, ఫలానా పని ఫలానా వారంలో చెయ్యమని తెలుగులో చెబుతుందిట. "ఇదేదో సోదమ్మలా ఉందే!" అని నవ్వాను నేను.

నెల తిరక్కుండానే పైపాటు ఎరువు వెయ్యమని కబురొచ్చింది. చేను చూస్తే ఇంకా అంత ఎదగలేదు. అనుమానమొచ్చి, "నాటిన తేదీ ఏం రాశారండీ?" అని అడిగా. ఆగస్టు 15 అన్నారు. జెండా పండగ గుర్తుంది కాబట్టి అది రాసేశారుట! మేం నాటింది వినాయక చవితి మర్నాడు. ఉండ్రాళ్ళు మిగిలితే కూలీలకి పెట్టిన సంగతి నాకు బాగా గుర్తు. అంటే రెండు వారాలు పైనే తేడా! తేదీ మార్పించాక సలహాలు చేనుకి అతికినట్టు రావడం మొదలెట్టాయి. యంత్రానిదేం తప్పండీ? ఎసట్లో కొలత తప్పితే కుక్కర్ ఏం చేస్తుంది?

అసలు పరీక్ష సంక్రాంతి దాటాక వచ్చింది. పక్క చేలో మందు కొట్టారని మా ఆయన కూడా డబ్బా పట్టుకొచ్చారు. ఫోన్‌లో మాత్రం, ముందు పురుగు ఎంతుందో చూసుకోమనీ, నీలం రంగు జిగురు అట్టలు కట్టమనీ, ఘాటు మందులు అదేపనిగా కొడితే మేలు చేసే పురుగులు చచ్చి ఇదే పెరుగుతుందనీ ఉంది. నేను మా అమ్మాయి నోటుపుస్తకంలో తెల్లకాగితం చింపుకుని చేలోకెళ్ళాను. పువ్వులు కోసి కాగితం మీద దులిపాను. చేటలో బియ్యం పోసి పురుగు చూడమూ? అలాగే! ఎక్కడో ఒకటీ అరా తప్ప లేవు.

"మూడు రోజులు ఆగండి. ఈలోపు వేపనూనె కొడదాం" అన్నాను.

"పంట పోతే ఎవరిదే బాధ్యత?" అన్నారు.

"పోయినేడు పోయినవి నా గాజులే కదండీ!" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు ఆయన.

ఆ మూడు రాత్రులూ నాకు నిద్ర లేదు. మాట నాదైతే బరువూ నాదేనని అప్పుడే తెలిసింది. రోజూ పొద్దున్నే కాగితం పట్టుకుని వెళ్ళేదాన్ని. పురుగు పెరగలేదు. ఆ ఏడు మందుల ఖర్చు సగానికి తగ్గింది. కాయా బాగానే వచ్చింది.

అలాగని ఫోన్ చెప్పిందల్లా వేదం అనుకోకండి! కళ్ళంలో కాయలు ఆరబోసిన రోజు వాన లేదని చూపించింది. సాయంత్రానికి కుండపోత! నేను ముందే పరదాలు దగ్గర పెట్టుకోబట్టి సగం కాయలు దక్కాయి.

ఈ సంగతులు మన దగ్గర కొత్తవేం కాదుట. 2004లోనే హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్ళు 'ఈ-సాగు' అని వరంగల్ జిల్లాలో పత్తిచేల ఫోటోలు తెప్పించుకుని, చూసి, సలహాలు పంపారు. 2022లో మన ఖమ్మం జిల్లాలోనే తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి 'సాగు బాగు' పేరుతో 7,000 మంది మిరప రైతులకి ఫోన్‌లో సలహాలు, మట్టి పరీక్ష, కాయ నాణ్యత పరీక్ష అందేలా చేశాయి. ఎకరానికి దిగుబడి 21 శాతం పెరిగిందనీ, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువులు 5 శాతం తగ్గాయనీ, ధర 8 శాతం ఎక్కువ పలికిందనీ ఆ వేదిక ప్రకటించింది.

అంతా బాగానే ఉంది. కానీ ఫోన్ నంబరు ఎవరిది రాసుకుంటారు? పట్టా ఎవరి పేరునుంటే వాళ్ళది. కబురేమో ఆయన జేబులో మోగుతుంది, చేలో ఉండేదేమో మనం! ఇలాంటివి తయారుచేసే పెద్దలు ఒక్క గడి ఎక్కువ పెట్టి, ఇల్లాలి నంబరు కూడా రాసుకుంటే వాళ్ళ సొమ్మేం పోతుంది?

వాళ్ళు రాసుకునేదాకా మనమే చొరవ చేద్దామండీ. రాత్రి భోజనాలయ్యాక ఆ ఫోన్ ఇలా ఇమ్మని కబుర్లు చదవండి, చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకోండి. విత్తిన రోజు, నాటిన రోజు క్యాలెండర్ మీద పాలలెక్క పక్కనే రాసుకోండి. మందు కొట్టే ముందు తెల్లకాగితం మీద పువ్వు దులిపి చూడండి.

నా గాజులు ఒక జత విడిపించుకున్నాను. రెండో జత ఇంకా బ్యాంకులోనే ఉంది. ఇప్పుడు మా ఆయన మందుల కొట్టుకి బయల్దేరే ముందు గుమ్మంలో ఆగి, "ఏమే, ఓసారి కాగితం పట్టుకెళ్ళి చూసొస్తావా?" అంటున్నారు. గాజుల కన్నా నాకు అదే ఎక్కువండీ!