క్రుంగిన నేల

ఉద్యోగవిరమణ చేసిన గృహస్థులు ప్రావిడెంటు ఫండు సొమ్ముతో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరములలో పాతయిల్లొకటి కొని, దాని యద్దెపై జీవింపదలచుట మనమెరిగినదే. పోటీపరీక్షలకు చదువువారు వచ్చుచున్నంతకాలము అశోకనగరమున గదులకు గిరాకి తగ్గదు. కావున కొనువారు గదులు లెక్కింతురు, అద్దె లెక్కింతురు, నేలను మాత్రము చూడరు.

ఆ యిండ్లలో గోడలు పునాదిపై నిలుచును. షాబాదు బండలు గోడల నడుమ పోసిన మట్టిపై పరచబడి యుండును. ఆ మట్టిని దిమ్మిసతో చక్కగా కొట్టకున్నను, మురుగుగొట్టము పగిలి నీరు సన్నమట్టిని లోలోపల కొనిపోయినను, గోడలు చెక్కుచెదరకయే నేల క్రుంగును. హుస్సేనుసాగరపు మిగులునీటి నాలా ఈ ప్రాంతముననే పారి మూసీలో కలియును. 2000 ఆగస్టు వరదలో దాని యొడ్డు పేటలు మునిగినవి. అట్టిచోట నేలక్రిందికి నీరెటు వచ్చుచున్నదో మొదట విచారింపవలెను. ద్వారబంధపు మూలనుండి గోడ యేటవాలుగా చీలియున్నచో పునాదియే కదలెనేమో యని శంకింపవలెను. ఇంజనీరునకు చూపక బయానా యీయరాదు. ఇక నేలవాలు చూచుటకు గోలీతో ఆడు పిల్లవాడు చాలును. రసమట్టము తరువాతి మాట.

మా పొరుగు పెద్దలొకరు అశోకనగరమున నట్టి యిల్లొకటి చూచుటకు మమ్ము తోడు రమ్మనిరి. వెనుకగదిలో నేల రెండంగుళములు దిగియున్నది. అందు అద్దెకున్న వృద్ధురాలు మంచపుకాలిక్రింద ఇటుకముక్క పెట్టుకొన్నది. "రాత్రిపూట గోడ పట్టుకొని నడుస్త సారూ" అనెను. దళారి ఆమె వినుచుండగనే, "ముసలామెను ఖాళీ చేయించి పైన టైల్సు ఏయిస్తే ఎవరికి తెలుస్తది?" అనెను.

అమ్మువాడు తానెరిగియు, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపమును, వేరు ఒడంబడిక లేనిచో, చెప్పి తీరవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 55వ సెక్షను విధించినది. ఇట్టి విధినే అద్దెకిచ్చువానిపై 108వ సెక్షను మోపినది. మా పెద్దలు మొదటిదానిని చేతబట్టి రెండుగంటలు వాదించి ధర తగ్గించిరి. రెండవదానిని మేము జ్ఞప్తిచేయగా, "అద్దెకు వచ్చువారు కన్నులు మూసికొని వత్తురా?" అనిరి. నిత్యము గీతాపారాయణము చేయువారు! నేల చెడినదని తగ్గించుకొన్న సొమ్ము నేలకే చెందునుగదా యని మేమంటిమి. ఆయనకు కోపము వచ్చెను, దారిలో మాటాడలేదు.

రిజిస్ట్రేషనైన వారమునకు మేస్త్రీ వచ్చెను. బండలు లేపగా పగిలిన గొట్టము బయటపడెను. దానిని మార్చి, మొరము పొరలుపొరలుగా పోసి, తడిపి దిమ్మిస కొట్టుచున్నారు. వృద్ధురాలి మంచము ప్రస్తుతము ముందుగదిలో నున్నది. ఈయేడు అద్దె పెంచనని పెద్దలు ఆమెకు మాట యిచ్చిరి. దళారి మాత్రము మమ్ము చూచిన వీధి మారుచున్నాడు.