నోరున్న సైలెన్సరు

మనం సైలెన్సరు అంటాం. అమెరికాలో దాన్నే మఫ్లర్ అంటారు. నాకు తెలిసిన మఫ్లర్, సంక్రాంతి చలికి మా తాతయ్య చెవుల చుట్టూ చుట్టుకునే ఉన్నిగుడ్డ. కారుకు ఆ గుడ్డ విప్పించడానికి వెయ్యి డాలర్ల పైచిలుకు పోశానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. "చప్పుడు తగ్గించమని డబ్బిస్తారు గానీ, పెంచమని కూడా ఇస్తారటండీ?"

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. కారు 2016 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, సెకండ్ హ్యాండ్. ఐదు లీటర్ల వీ8 ఇంజను, 435 హార్స్‌పవర్. నలభై దాటాక పుట్టిన మోజు, ఓ పట్టాన వదల్లేదు.

ఈ ఇంజను చప్పుడులో ఒక తమాషా ఉంది. సిలిండర్లు కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు. అవి పేలే వరస ఇది: కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, కుడి, ఎడమ, కుడి. రెండు చేతులతో బల్ల మీద వాయించి చూడండి. మధ్యలో ఎడమచెయ్యి వెంటవెంటనే రెండుసార్లు పడుతుంది. మళ్ళీ మొదటికొచ్చేటప్పుడు కుడిచెయ్యి అలాగే రెండుసార్లు పడుతుంది. ఎనిమిది దెబ్బలకూ మధ్య వ్యవధి ఒక్కటే, కానీ ఒక చేతినే వింటే కుంటుతున్నట్టుంటుంది. ఏ వైపు పొగ చాలావరకు ఆ వైపు గొట్టంలోంచే పోతుంది కనక బయట మనకు వినబడేది ఆ కుంటునడకే. మస్టాంగు గొణుగుడంతా అదే. ఫెరారీ వీ8లో కుడి ఎడమలు తు.చ. తప్పకుండా మారతాయి, అందుకే అది గొణగదు, ఎలుగెత్తి పాడుతుంది. నాకు గొణుగుడే ఇష్టం.

ఆ గొణుగుడు పెంచడానికే సైలెన్సర్లు మార్పించాను. పవర్ పెరుగుతుందా అని అడుగుతారు. నాలా వెనక చక్రాల దగ్గరి సైలెన్సర్లు మాత్రమే మారిస్తే చెప్పుకోదగ్గదేమీ పెరగదు. పెరుగుతుందనేవాళ్ళు అమ్మేవాళ్ళన్నా అయ్యుండాలి, కొనేసినవాళ్ళన్నా అయ్యుండాలి. ముందున్న కాటలిటిక్ కన్వర్టర్ల జోలికి మాత్రం పోలేదు. ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూతతో విషవాయువుల్ని విరిచేసే డబ్బాలవి. తీసేస్తే ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. పైగా ఆ కంపు కారులో గుడికెలా వెళ్తాం?

మెకానిక్ కొత్త గొట్టం నా చేతిలో పెట్టి "త్రీ నాట్ ఫోర్ స్టీల్" అన్నాడు గొప్పగా. నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్. మంచి రకం స్టీలు గిన్నెలు చేసేదీ దీంతోనే. తెనాలిలో మా అమ్మ దుకాణంలో గిన్నెను గోటితో మీటి విన్నాకే కొనేది. నేనూ మీటాను. అతను వింతగా చూశాడు. పాత గొట్టం రంపంతో కోసి, సబ్బునీళ్ళు రాసి, రబ్బరు ఉంగరాల్లో కొత్తది వేలాడదీశాడు.

ఆ రాత్రి నాన్నకు వీడియోకాల్ చేసి, కారు స్టార్ట్ చేసి వినిపించాను. "సైలెన్సరు ఊడిందేంట్రా?" అన్నారు. బుల్లెట్ కుర్రాళ్ళ సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించడం ఆయన టీవీలో చూశారు. "మీ ఊళ్ళో రోలరు లేదా?"

రోలరు అక్కర్లేకపోయింది, ఆస్టిన్ ప్రయాణమే సరిపోయింది. గంటకు డెబ్భై మైళ్ళు, ఇంజను 1,900 ఆర్‌పీఎం. వీ8 ఒక్కో చుట్టుకు నాలుగుసార్లు పేలుతుంది. అంటే సెకనుకు దాదాపు 127 పేలుళ్ళు. సరిగ్గా ఆ శ్రుతి దగ్గరే కారంతా తంబురాలా మోగడం మొదలెట్టింది. రోడ్డు మీద నిలబడ్డవాడికి అందమైన గొణుగుడే, లోపల కూర్చున్నవాడికి తలలో తుమ్మెద. వెనక సీట్లో పిల్ల చెవులు మూసుకుంది. దారిలో వేకో ఊరు దాటేసరికి మా ఆవిడ మాటలు మానేసింది.

మెకానిక్ దగ్గర దీనికి మందుంది. రెండు గొట్టాలకూ పక్కన, కొస మూసేసిన గొట్టం ఒక్కోటి అతికించాడు. మోత అందులోకి వెళ్ళి, కొసన తగిలి, సగం అల వెనకబడి తిరిగొస్తుంది. వచ్చి తన తోటి మోతనే చంపుతుంది. దాని పొడవు ఇంచుమించు మీటరు. వేడి పొగలో ధ్వని ఇంకా జోరుగా పరుగెడుతుంది కనక, మామూలు గాలికి లెక్కేస్తే గొట్టం పొట్టిదైపోతుంది. ఆ ఒక్క శ్రుతినీ మింగి, మిగతా గొంతును దాదాపు ముట్టుకోదు. నేను తగలేసిన డబ్బులో ఇదొక్కటే తెలివిగా తగలేసింది.

పొద్దుటి గొడవ మాత్రం తీరలేదు. చల్లటి ఇంజను, కన్వర్టర్లను త్వరగా వేడెక్కించడానికి కాసేపు జోరుగా తిరుగుతుంది. అంటే వీధంతా నిద్రలో ఉన్నప్పుడే దీని గొంతు పెద్దది. ఫోర్డులో పనిచేసిన ఒక పెద్ద ఇంజనీరుకే ఈ తద్దినం తప్పలేదు. ఆయన మస్టాంగ్ మోతకు పొరుగువాళ్ళు పోలీసుల్ని పిలిచారు. తర్వాత 2018 జీటీలో, పొద్దున్నే గుట్టుగా స్టార్టయ్యే ఏర్పాటు పెట్టించుకునే వీలొచ్చింది. నాది 2016.

మా ఆవిడ ఈమధ్య దీనికో ఉపయోగం కనిపెట్టింది. సాయంత్రం నేను వీధి మలుపు తిరగ్గానే ఆమెకు వంటింట్లో వినబడుతుంది, పెనం మీద అట్టు పోస్తుంది. నేను చెప్పులు విప్పి లోపలికి వచ్చేసరికి పళ్ళెంలో వేడి అట్టు. నా కారు గొంతు ఆమె గుర్తుపడుతోందని నెలరోజులు మురిసిపోయాను. నిన్న ఎవడిదో ఇంకో మస్టాంగ్ మా వీధిన పోయింది. నేనొచ్చేసరికి అట్టు చల్లారి ఉంది.