పౌలు పిలిచిన మార్కు

యేసును ఎరగనన్న పేతురు కన్నీళ్ల గురించి ప్రసంగాలు చాలా విన్నాను. నా మనసు మాత్రం మార్కు దగ్గరే ఆగుతుంది. అతను పెర్గేలో పౌలు, బర్నబాల బృందాన్ని విడిచి యెరూషలేముకు వెళ్లిపోయాడు. కారణం అపొస్తలుల కార్యములు చెప్పదు. మరుసటి ప్రయాణానికి అతన్ని తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. బర్నబా అతన్ని వదల్లేదు. తగవు ముదిరి ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడెక్కాడు. కృప అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ప్రయాణమే. ఆ తర్వాతి ఏళ్ల వివరాలు పెద్దగా లేవు, మార్కు పరిచర్యలో నిలిచాడని మాత్రం తెలుస్తుంది. ఎందుకంటే చెరలోంచి తిమోతికి రాసిన రెండో పత్రికలో, తనకు ఉపయోగపడతాడని, మార్కును వెంటబెట్టుకు రమ్మన్నది పౌలే. పౌలు మనసు మారడం కూడా కృపే అంటాను. మీ సంఘంలో తప్పిపోయి, సిగ్గుతో ఆరాధనకు రావడం మానేసినవాళ్లుంటే ఈ వారమే వాళ్లింటికి వెళ్లండి.