మూడు చక్రముల బండితో పాలమూరు, నల్లగొండ సీమలు

మా మనుమనికి తొమ్మిది నెలలు నిండినవి. హైదరాబాదులో కాపురమున్న మా అమ్మాయి సంక్రాంతికి పాలమూరు వచ్చుచు, బిడ్డను కూర్చుండబెట్టి త్రోసికొనిపోవు బండి నొకదానిని వెంట తెచ్చినది. చూచుటకు ముచ్చటగా నున్నది. గొడుగువలె ముడుచుకొనును. నాలుగు మూలల నాలుగు జతల చక్రములు. ఒక్కొక్కటి నా అరచేతి వెడల్పైనను లేదు. "అమ్మా, వీనిని చంకనెత్తుకొని నీ నడుము పోగొట్టుకొనవలదు" అని దానిని నాకు అప్పగించినది. మఱునాడే ఆ బండితో పిల్లలమఱ్ఱికి ప్రయాణమైతిమి.

పిల్లలమఱ్ఱి పాలమూరు పట్టణమునకు నాలుగు కిలోమీటర్ల దూరమున నున్నది. ఏడువందల యేండ్ల చెట్టని చెప్పుదురు. దూరమునుండి చూచిన పచ్చని గుట్టవలె తోచును. దాపునకు పోయినగాని అది ఒక్క చెట్టని తెలియదు. ఇంచుమించు మూడెకరములు వ్యాపించిన ఆ కొమ్మలలో తల్లి మొదలేదో, పిల్ల మొదలేదో పోల్చుకొనుట కష్టము. 2017 డిసెంబరులో చెదలు తొలిచిన కొమ్మ విఱిగి పడగా చూపరుల రాకను నిలిపివేసిరి. 2018లో, ఆసుపత్రిలో రోగికి ఎక్కించునట్లే సీసాలు వ్రేలాడగట్టి, చెదలమందు కలిపిన నీటిని చుక్కచుక్కగా మ్రానిలోనికి ఎక్కించిరి. వ్రాలిన కొమ్మలకు ఊతలు కట్టిరి. ఇంటిలోని ముదుసలికి చేయు ఉపచారము లన్నియు ఆ చెట్టునకు జరిగినవన్నమాట.

ఆ చెట్టును మేము చూచినది తక్కువ, బండితో పడిన పాట్లు ఎక్కువ. తారు బాట దాటి మొరము నేలమీద కాలిడగానే ముందు చక్రము రాళ్ల నడుమ చిక్కి అడ్డము తిరిగినది. నేను వెనుకనుండి త్రోయుచునే యున్నాను. బండి ముందునకు వ్రాలి, బిడ్డ తల ముందునకు ఊగి వెనుకకు కొట్టుకొన్నది. వాడు గుక్కపట్టి యేడ్చెను. మరి నాలుగడుగులు పోవునప్పటికి చక్రము ఊడి చేతికి వచ్చినది. అమ్మాయి బండిని మోసినది, నేను బిడ్డను మోసితిని. జామపండ్లు అమ్ముకొను ముదుసలి యొకతె నవ్వి, "గా బండెందుకు బిడ్డా, చంకనేసుకోరాదు?" అన్నది. నాకు మారు పలుకుటకు నోరు రాలేదు.

తప్పు బండిది కాదు. అది నున్నని గచ్చుబాటకు చేసిన బండి. మన పాలమూరు, నల్లగొండ సీమలు అట్టివి కావు. గుండ్లు గుండ్లుగా పడియున్న నల్లరాతి గుట్టలు, వాని నడుమ ఎఱ్ఱని చెల్క నేలలు, వానిమీద మొరము, ఆ మొరములో పల్లేరుకాయలు. ఇట్టి నేలమీద నాలుగు చక్రముల బండికి ఒక చక్రము ఎప్పుడును గాలిలోనే యుండును. మూడు చక్రములు గలదానికి ఆ బాధ లేదు. పొయ్యికి మూడు రాళ్లు పెట్టినచో నేల ఎంత యెగుడుదిగుడైనను కుండ నిలుచును గదా! ఇదియు ఆ న్యాయమే.

మూడు చక్రములు క్రొత్త విషయమును కాదు. 1733లో ఇంగ్లండున ఒక ప్రభువు బిడ్డలకై విలియం కెంటు అను శిల్పి చేసిన బండిని మేకయో పొట్టి గుఱ్ఱమో లాగవలసి యుండెను. తరువాతి శతాబ్దిలో దాదులు త్రోసిన బండ్లలో పెక్కు మూడు చక్రములవే. 1965లో ఓవెన్ మెక్లారెన్ అను విమానపు ఇంజినీరు గొడుగువలె ముడుచుకొను తేలిక బండిని కల్పించెను. మా చక్రమూడిన బండి ఆ వంశముదే. 1984లో అమెరికాలో ఫిల్ బేచ్లర్ అను పత్రికారచయిత తన బిడ్డను వెంటబెట్టుకొని పరుగెత్తుటకై బండికి సైకిలు చక్రములు తగిలించెను. మన కిప్పుడు అంగళ్లలో కనబడు పెద్ద చక్రముల మూడుకాళ్ల బండ్లకు మూలమదియే. అతడు పరుగుకై చేసినదే మనకు మొరము బాటకు పనికివచ్చినది.

ఆ నెలలోనే హైదరాబాదు పోయి అట్టిదాని నొకదానిని ఎంచితిమి. నేను సంచిలో పది కిలోల బియ్యము కట్టుకొని అంగడికి పోయితిని. అంగడివాడు నవ్వెను గాని, ఖాళీ బండిని త్రోసి చూచిన ఏమి తెలియును? బియ్యపు మూటను కూర్చుండబెట్టి, మెట్ల ప్రక్కనున్న వాలుమీద నిలిపి, కాలితో బ్రేకు త్రొక్కి చేతులు విడిచితిని. రెండు బండ్లు ప్రాకినవి, ఒకటి నిలిచినది. నిలిచినదానినే కొంటిమి. దాని బ్రేకు వెనుక చక్రములను రెంటిని ఒక్కసారి పట్టును. వెనుక చక్రముల నడుమ ఎడము ఎక్కువ. ఈ యెడము ఇరుకైనచో మూడు చక్రముల బండి మలుపులో ప్రక్కకు ఒరగును. ఇదొక్కటే ఆ జాతికి గల పెద్ద దోషము. ముందు చక్రము సంతలో ఇటునటు తిరుగును, మొరములో మీట వేసినచో తిన్నగా బిగిసియుండును. బిడ్డ భుజములకు రెండు, నడుమునకు రెండు, తొడల నడుమ నొకటి, ఇట్లు అయిదు పట్టీలుండవలెను. నడుమునకు మాత్రమే పట్టీ గలదానిని ఎంత చవుకగా నిచ్చినను కొనవలదు.

బరువు మాత్రము తక్కువ కాదు. ముడిచినను అది బస్సు నడవలో పట్టక, కండక్టరు చేత ఒకటి రెండు మాటలు పడితిమి. ఇంటి తలుపు వెడల్పును, ఎక్కబోవు వాహనమును ముందుగా కొలుచుకొనుట మంచిది. బిడ్డ మెడ నిలిపి తనంతట తాను కూర్చుండునంతవరకు నిటారు పీటమీద ఉంచనేరాదు. మా వానికి ఆ వయసు దాటినది గనుక దిగులు లేకపోయినది.

ఫాల్గుణములో నల్లగొండ పోయితిమి. పట్టణమునకు చేరువనే పానగల్లు. కందూరు చోడులనాటి ఛాయా సోమేశ్వరాలయ మక్కడ నున్నది. మూడు గర్భాలయముల గుడి. అందొకదానిలో లింగము వెనుక గోడమీద స్తంభపు నీడ యొకటి పగలెల్ల కదలక నిలుచును. అది ఎదుట నున్న ఏ యొక్క స్తంభము నీడయు కాదు. పలువైపులనుండి చెదరి వచ్చు వెలుగును స్తంభములు అడ్డగించుటచే ఏర్పడునది. సూర్యుడు కదలినను నీడ కదలకుండునట్లు ఆ స్తంభములను అమర్చిన శిల్పుల బుద్ధిని ఎంత మెచ్చుకొన్నను చాలదు. గుడి గడపలు ఎత్తు. బండిని చెప్పుల దగ్గర విడిచి, బిడ్డను చంకనే ఎత్తుకొని పోయితిని. చంకకు సరియగు బండి నింకను ఎవరును చేయలేదు.

గుడినుండి ఉదయసముద్రము కట్టమీదికి వచ్చితిమి. చోడరాజు పేర వెలసిన పాత చెఱువిది. నేడు నాగార్జునసాగరు జలములనుండి ఎత్తిపోసిన కృష్ణనీ రిందు నిలుచుచున్నది. చల్లని గాలి, మెరయు నీరు. నేను బండి నిలిపి, బ్రేకు త్రొక్కి, జారిన కొంగును సవరించుకొనుటకు రెండు చేతులు విడిచితిని. పిడికి కట్టియున్న పట్టీని మణికట్టునకు తగిలించుకొనుమని అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినను, "నే నేమి పరుగెత్తుదునా?" అని నవ్వితిని. బండి కదలినది. మొరపు రాయి యొకటి బ్రేకు మీట క్రింద చిక్కుకొని, అది పూర్తిగా దిగలేదని తరువాత తెలిసినది. వాలున అది నాలుగు బారలు పోయినది. నా నోట మాట రాలేదు, కాళ్లు కదలలేదు. కట్ట అంచున పెరిగిన సర్కారు తుమ్మ పొద దానిని ఆపినది. బిడ్డ ఆటయనుకొని కేరుచున్నాడు. ముఖమున ఒక గీత పడినది, అంతే. ముందు చక్రములో మూడు ముళ్లు దిగి గాలి పోయినది.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. అప్పటినుండి త్రొక్కిన తరువాత బండిని ఒకసారి ముందునకు త్రోసి చూచినగాని చేయి వదలుట లేదు. నీటి దాపున బ్రేకును నమ్ముటయే లేదు, పట్టీ మణికట్టున నుండవలసినదే.

చక్రమునకు అతుకు వేయించుటకు నల్లగొండలో పంక్చరు దుకాణమునకు పోయితిమి. అక్కడ మరియొక మూడు చక్రముల బండి నిలిచియున్నది. చేతితో త్రిప్పుకొనునది. దానిలోని మనిషికి నలువది యేండ్లుండవచ్చును. కాళ్లు వంకరపోయి, వీపు వంగి యున్నది. మర్రిగూడెము ప్రాంతమువాడట. మా బండిని, బిడ్డను చూచి, "పిల్లగానికి బోరు నీళ్లు తాపుతలేరు గద, అమ్మా?" అని అడిగినాడు. మర్రిగూడెము, మునుగోడు, చండూరు ప్రాంతముల నేలలోని నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. 1940ల నాడే వైద్యులు ఈ జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి వ్రాసిరి. పటికయు సున్నమును వేసి ఫ్లోరైడును తేర్చు పద్ధతిని 1970లలో నాగపూరు శాస్త్రజ్ఞులు రూపొందించగా, దానికి నల్లగొండ పేరే నిలిచినది. తరువాత మిషన్ భగీరథ క్రింద కృష్ణనీరు గొట్టములలో ఊళ్లకు వచ్చినది. అయినను ప్రయాణములో దాహమైనచో చేతిపంపే కంటికి కనబడును. మనలో పలువురు నీటిని మరగించిన చాలునందురు. మరగించినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గుటచే చిక్కబడును గూడ. బండి క్రింది సంచిలో ఏమి మరచినను, ఇంటినుండి తెచ్చిన మంచినీటిని, బిడ్డకు గంజి కలుపుటకైనను, మరువరాదు. ఆ మనిషి అడిగిన ప్రశ్నకు "లేదు" అని చెప్పగలిగితిని.

గాలి కొట్టునపుడు మరియొక సంగతి తెలిసినది. ఈ చక్రముల గొట్టము మూతి మన సైకిళ్లదానివలె గాక మోటారు బండ్లదానివలె నున్నది. సైకిలు పంపు అతుకదు. మోటారు దుకాణములోని యంత్రము ఒక్క ఊపున గాలి నింపి చిన్న రబ్బరును పగులగొట్టగలదు. ఎంత గాలి పట్టునో చక్రము ప్రక్కన అచ్చు వేసియుందురు. దానిని చదివి, కొంచెము కొంచెముగా కొట్టించవలెను. వేసవిలో మరి కొంచెము తక్కువ యుంచిన మేలని దుకాణమువాడు చెప్పెను. అతుకు వేయుటకు ముందు రబ్బరు లోపలివైపు వ్రేళ్లతో తడిమి విరిగిన ముల్లు మిగిలినదేమో చూడవలెను. లేనిచో ఇంటికి చేరునప్పటికి మరల చతికిలబడును. ముళ్లకు లొంగని గట్టి నురుగు రబ్బరు చక్రములును కలవు, కాని వానికి బరువు, కుదుపు ఎక్కువ. నేను గాలి చక్రములనే కోరుదును.

ఇంటికి వచ్చిన పిదప చెల్క ధూళి బండి ఎముకలలోనికెల్ల దూరియున్నది. నా అలవాటు చొప్పున ఇరుసులో కొబ్బరినూనె చుక్క వేసితిని. వారము దినములలో ఆ నూనె మట్టిని పట్టి ఎఱ్ఱని ముద్దయై కీచుమనసాగెను. చక్రములు ఊడదీసి, పొడిగుడ్డతో ఇరుసు తుడిచి, మరల బిగించి, లాగి చూచి, ఊడదని తేల్చుకొనుటయే సరియైన పద్ధతి. పట్టీల బిగింపులో అటుకులు, మురుకుల తునకలు చిక్కి అది మూతపడదు. గోరువెచ్చని నీటితో కడుగవలెను. పట్టీలను ఉడుకబెట్టరాదు, చలువపొడి వేయరాదు. గుడ్డను నీడలో ఆరవేయవలెను. మిద్దెమీద ఎండలో బండిని వదలినచో రబ్బరు పగులును, ఇనుప బిగింపులు కాలి బిడ్డ తొడను చుఱుక్కుమనిపించును. ఎండ పడుచున్నదని ముందువైపు చీర కప్పుట మన ఆడవారి అలవాటు. ఆ కప్పులో గాలి యాడక లోన కుంపటివలె అగును. గొడుగు పట్టుట మేలు. పిడికి కూరగాయల సంచి తగిలించినచో, బిడ్డను ఎత్తుకొనగానే బండి వెనుకకు పల్టీకొట్టును. మా యింట రెండుమార్లు టమాటాలు నేలపాలైనవి.

మన గుట్టల సీమలో మరియొక జాగ్రత్త యున్నది. బిడ్డను కూర్చుండబెట్టుటకు ముందు పీటను దులుపుట. వానలు వెలిసిన యొక ఉదయమున అందులోనుండి తేలు పడినది. ఆనాటినుండి బండిని గుమ్మము బయట ఉంచుట లేదు.

ఇప్పుడు వాడు లేచి నిలుచుచున్నాడు. అటుకమీదనుండి వాని తల్లి నడక నేర్చిన కొయ్యబండిని దింపితిని. అదియు మూడు చక్రములదే. ఒక చక్రము చెద పట్టగా, ఊరి వడ్రంగి క్రొత్తది వేసి యిచ్చెను. నేను త్రోయు బండిలో కూర్చుండుమన్న వాడు ఇప్పుడు వినుట లేదు. తన బండిని తానే త్రోసికొనుచు, టకటకమని, వాకిలిలోని మొరము వైపునకు పోవుచున్నాడు.